పాటకు ముందు ఇరవై సెకన్లు

ఆ టేపు మొదట్లో నాలుగు మాటలు తుడిచిపెట్టుకుపోయి ఉంటే, సాంగ్యూ ఆ రోజు సంతోషంగానే ఇంటికి తిరిగి వచ్చేవాడు.

ఆయన్ని సియోల్‌లోని స్టూడియోకి పిలిచింది గు మ్యోంగ్‌సన్ అనే సౌండ్ ఇంజనీరు. నలభై దాటిన మనిషి. మాట తక్కువ, చెవి ఎక్కువ. "ఉప్పుగాలి" బ్యాండ్ మొదటి రికార్డు వచ్చి ముప్పై ఎనిమిదేళ్ళయింది. దాన్ని శుభ్రం చేసి, ఫొటోలూ కబుర్లూ ఉన్న చిన్న పుస్తకంతో కలిపి మళ్ళీ విడుదల చేద్దామని కంపెనీవాళ్ళు తలపెట్టారు. గిడ్డంగిలో బూజుపట్టి పడున్న అసలు టేపులు తెప్పించి, ఆరబెట్టి, ఒక్కొక్క వాయిద్యాన్నీ విడిగా విని చూస్తోంది ఆమె. డ్రమ్స్ వంతు వచ్చేసరికి, వాయించిన మనిషి దగ్గరుండి వింటే బాగుంటుందనిపించింది.

"మీ చేతుల్ని మీరు ఎప్పుడూ ఇలా విని ఉండరు మాస్టారూ. గిటారు లేదు, గొంతు లేదు. మీరొక్కరే" అంది, మంచి కుర్చీ ఆయనవైపు జరుపుతూ.

పాట "మూడో రేవు". గొంతు మొదలయ్యే ముందు ఇరవై సెకన్లు డ్రమ్స్ ఒక్కటే ఉంటాయి. ఆ ఇరవై సెకన్లు దేశంలో తెలియనివాళ్ళు లేరు. బేస్‌బాల్ ఆటలో కొట్టేవాడు నడిచి వస్తుంటే జనం బల్లల మీద అవే వాయిస్తారు. సిగ్నల్ దగ్గర ఆగిన బస్సు డ్రైవరు వేళ్ళు స్టీరింగు మీద అవే వాయిస్తాయి. సాంగ్యూ ముప్పై ఏళ్ళుగా నడుపుతున్న డ్రమ్స్ బడిలో చేరినవాళ్ళందరూ మొదటి నెలలోనే అది నేర్పమని అడుగుతారు. అందులో అరవై ఏళ్ళ దంతవైద్యుడు కూడా ఉన్నాడు.

టేపు తిరిగింది. సన్నని ఇసుక రాలుతున్నట్టు చప్పుడు. కుర్చీ కిర్రుమంది. ఎవరో గొంతు సవరించుకున్నారు. తరవాత, పడుచుదనం నిండా ఉన్న ఒక గొంతు:

"ఓమ్ మాస్టారూ, ఇంకొక్కసారి. ఆరింటి బస్సుకి మేం గున్సాన్ పోవాలి."

"ఏం, ఎవరైనా పోయారా?" ఇది ముదురు గొంతు, పొగ తాగి తాగి బొంగురుపోయింది.

"మా డ్రమ్స్ అన్నయ్యగారి నాన్న."

"అయ్యో పాపం. సరే, కానిద్దాం."

కర్రలు నాలుగుసార్లు ఒకదానికొకటి తగిలాయి. బొంగురు గొంతే అంకెలు లెక్కపెట్టింది. వెంటనే ఆ ఇరవై సెకన్లు. దేశమంతా ఎరిగినవి.

మ్యోంగ్‌సన్ చేయి మీట మీదికి వెళ్ళింది. టేపు ఆగింది.

సాంగ్యూ మోకాళ్ళ మీది చేతులు తీయలేదు. ఆ పడుచు గొంతు ఎవరిదో ఆయనకి తెలుసు. బ్యాండ్‌లో పాడేది జోంగ్‌తే. ఓమ్ మాస్టారు కూడా తెలుసు. ఓమ్ బ్యోంగ్‌చల్, పొద్దున ఒకరికీ మధ్యాహ్నం ఇంకొకరికీ రికార్డింగుల్లో వాయించిన మనిషి. రికార్డు అట్టల మీద ఎక్కడా పేరుండేది కాదు. పోయి పదకొండేళ్ళు.

"పెట్టె ఒకసారి ఇలా ఇయ్యమ్మా."

అట్టపెట్టె మూలన నీలం సిరాతో రాసి ఉంది. 1981, అక్టోబరు 14, బుధవారం. సాంగ్యూ తండ్రి పోయింది పదమూడు, మంగళవారం. పాడె లేచింది పదిహేను, గురువారం. మధ్యనున్న బుధవారమంతా ఆయన గున్సాన్‌లో సంతాపానికి కట్టే జనపనార గుడ్డ కట్టుకుని, వచ్చినవాళ్ళందరికీ నేలమీదికి వంగి వంగి నమస్కారం చేస్తూ ఉన్నాడు.

"నేను సోమవారం వాయించాను" అన్నాడు. "పన్నెండో తారీకు. అది ఏ టేపులో ఉంది?"

మ్యోంగ్‌సన్ పెట్టె మూల వేలు పెట్టి చూపించింది. "ఈ పాటకి ఉన్నది ఇదొక్కటే మాస్టారూ. పెట్టె మీద పన్నెండు అని రాసి కొట్టేశారు చూడండి. దాని మీదే మళ్ళీ చేసి ఉంటారు. ఆ రోజుల్లో అందరూ అలాగే చేసేవారు."

"అంటే నాది లేదు."

"లేదు."

ఆమె లేచి, అక్కర్లేకపోయినా ఏదో తీగ సర్దింది. "పుస్తకం సోమవారం అచ్చుకి వెళ్తుంది. పేర్ల కాగితం మీద మీరు సంతకం చేయాలి. నేను విన్నదేదీ విననట్టే అనుకోండి."

"వినడమే కదమ్మా నీ పని" అన్నాడు సాంగ్యూ. సంతకం చేయలేదు. కాగితం మడిచి కోటు జేబులో పెట్టుకున్నాడు.

*

నది పక్క రోడ్డు మీద కారు నడుపుతూ ఆయన మొదట తలచుకున్నది పాడెని.

గున్సాన్‌లో రేవు పక్క వీధుల్లో తిరిగే నలుగురు కుర్రాళ్ళు కలిసి బ్యాండ్ పెట్టారు. సాంగ్యూ అందరికంటే కనీసం నాలుగేళ్ళు పెద్ద. గిటారు వాయించే హ్యోక్ తండ్రి ఒప్పుకోకపోతే, వాళ్ళింటి ముందు ఒక పగలంతా మోకాళ్ళ మీద కూర్చున్నది సాంగ్యూయే. జోంగ్‌తే కళ్ళు మూసుకుని పాడుతుంటే వీపు మీద చరిచి "జనాన్ని చూసి పాడరా" అన్నదీ సాంగ్యూయే. సియోల్ వచ్చాక ఒకే గదిలో నలుగురూ పడుకునేవారు. పొద్దున్నే లేచి అందరికీ నూడుల్స్ వండేవాడు పెద్దవాడు. చిన్నవాళ్ళు ఆయన ముందు సిగరెట్ వెలిగించేవారు కాదు. మందు తాగాల్సి వస్తే మొహం పక్కకి తిప్పుకుని తాగేవారు.

తండ్రి పోయినప్పుడు ఆ ముగ్గురూ బుధవారం బాగా పొద్దుపోయాక వచ్చారు. బస్సు తప్పిపోయిందన్నారు. గురువారం పొద్దున పాడె భుజానికెత్తుకుని సన్నటి వానలో కొండ ఎక్కారు. జోంగ్‌తే చెప్పు తెగిపోతే వట్టికాలితో నడిచాడు. అది చూసిన రోజునుంచీ సాంగ్యూ ఏ పత్రికవాళ్ళు అడిగినా ఒకటే మాట చెప్పేవాడు. "మా నాన్నకి నేనొక్కణ్ణే కొడుకుని. ఆ రోజు నలుగురం అయ్యాం."

ఇంకో మాట కూడా చెప్పేవాడు. "మూడో రేవు"కి ఆ మొదలు ఎలా పుట్టిందని అడిగితే, "అది నేను వాయించింది కాదు. నాన్న పోయే ముందురోజు నా చేతుల్లోకి ఏదో వచ్చి, వాయించి వెళ్ళిపోయింది" అనేవాడు. అలా అనడం ఆయనకి ఇష్టం. పత్రికవాళ్ళకీ ఇష్టం. ఇప్పుడు స్టీరింగు పట్టుకుని ఆ మాట గుర్తు చేసుకుంటే చెవులు వేడెక్కాయి. ఆ మాట అన్నప్పుడల్లా పక్కనే కూర్చుని జోంగ్‌తే తల ఊపేవాడు.

రికార్డు వచ్చాక, వేదికల మీద ఆ ఇరవై సెకన్లు ఆయన చేతికి ఎప్పుడూ సరిగ్గా పడలేదు. అంకెలు అవే, దెబ్బలు అవే. అయినా రికార్డులో ఉన్నది వేదిక మీద ఉండేది కాదు. "తాక్ సాంగ్యూ రికార్డులో పులి, వేదిక మీద పిల్లి" అని ఒక పత్రికలో రాశారు. ఆయన కోపం తెచ్చుకోలేదు. తను ఒకసారి చేసిందే కదా, మళ్ళీ చేయలేకపోవడమేమిటని వెనక గదిలో రబ్బరు పలక పెట్టుకుని సాధన మొదలుపెట్టాడు. బ్యాండ్ విడిపోయింది. ఆ సాధన ఆగలేదు. టీవీ వాళ్ళ ఆర్కెస్ట్రాలో చేరమంటే, ఇంకా చేయి దారిలో పడలేదని వెళ్ళలేదు. కూతురి బడి వేడుకలకి వెళ్ళలేదు. భార్య యోనోక్ అన్నం రెండుసార్లు, మూడుసార్లు వేడిచేసి పెట్టేది. యాభై రెండో ఏట కుడి మణికట్టు కోసి నరం సరిచేయాల్సి వచ్చింది. "ఇంత అరగదీసినవాణ్ణి నేను చూడలేదు" అన్నాడు డాక్టరు.

తనని తానే అందుకోవాలని ముప్పై ఎనిమిదేళ్ళు పరిగెత్తాడు. తీరా ముందు పరిగెత్తినవాడు వేరే మనిషి.

రికార్డు వచ్చిన రెండో ఏడు, టీవీ స్టేషను వరండాలో ఓమ్ మాస్టారు ఎదురయ్యాడు. సిగరెట్ నోట్లోంచి తీసి, "మూడో రేవు నీదేనటగా. బాగుందయ్యా" అన్నాడు. సాంగ్యూ నడుం విరిగేలా వంగి నమస్కరించాడు. ఇంటికొచ్చి యోనోక్‌కి చెప్పుకుని మురిసిపోయాడు. ఆ మనిషి వెక్కిరించాడో దయ తలచాడో ఇప్పుడు అడగడానికి లేడు.

*

ఇంటికి వచ్చేసరికి వాకిలంతా ఎర్రగా ఉంది. నవంబరు నెల చివర బ్యాండ్ ఇళ్ళవాళ్ళందరూ సియోల్ బయట యాంగ్‌ప్యోంగ్‌లో సాంగ్యూ ఇంట్లో కలిసి చలికాలానికి కిమ్చి పచ్చడి పెట్టుకోవడం పెళ్ళిళ్ళయిన దగ్గర్నుంచీ ఉన్న అలవాటు. రాత్రంతా ఉప్పులో ఊరించి నీరు వార్చిన నూట ఇరవై క్యాబేజీలు నీలం టార్పాలిన్ మీద గుట్టగా పోసి ఉన్నాయి. మధ్యలో పిల్లలు స్నానం చేయగలిగేటంత బేసిన్‌లో కారం, వెల్లుల్లి, ఉప్పు రొయ్యలు. దాని చుట్టూ ఎర్ర రబ్బరు తొడుగులు వేసుకుని యోనోక్, జోంగ్‌తే, జోంగ్‌తే భార్య మిరాన్. కాస్త ఎడంగా ముక్కాలి పీట మీద హ్యోక్ ముల్లంగి తురుముతున్నాడు. పెళ్ళాం వదిలేసి వెళ్ళాక కూడా హ్యోక్ తన వాటా డబ్బాలు తెచ్చుకోవడం మానలేదు. బేస్ వాయించే దోక్‌హ్వాన్ కాలేయం చెడి పోయి ఆరేళ్ళయింది.

"బావగారు వచ్చారు" అంది మిరాన్. "పని సగమయ్యాక రావడం ఈ ఏడూ తప్పలేదు."

"ఆయన చేతులు కారంలో పెట్టే చేతులా?" అన్నాడు జోంగ్‌తే. "జాతి సంపద."

"ఆ జాతి సంపద ఇంట్లో ఒక గిన్నె కూడా ఎత్తదు" అంది యోనోక్. "ఏమండీ, పొయ్యి మీద మాంసం ఉడుకుతోంది, వెళ్ళి ఒకసారి పొంగకుండా చూడండి. అదైనా చేయండి."

"అన్నయ్యా, టేపు ఎలా ఉంది? నా గొంతు విన్నారా? అప్పుడు ఎంత లేతగా ఉండేదో. ఇప్పుడు మా ఆవిడ నన్ను కప్పతో పోలుస్తోంది."

"కప్పకి వాన వస్తేనే అరుపు. నీకు వేళాపాళా లేదు" అంది మిరాన్.

సాంగ్యూ కోటు విప్పలేదు. మెట్టు మీదే నిలబడ్డాడు.

"విన్నాను జోంగ్‌తే. ఆరింటి బస్సు గురించి నువ్వు చెప్తుంటే విన్నాను. ఓమ్ మాస్టారు పాపం నాన్న గురించి అయ్యో అన్నాడు."

ముల్లంగి తురిమే చప్పుడు ఆగింది.

జోంగ్‌తే నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు. "ఏ ఓమ్ మాస్టారు?" అన్నాడు. అన్నాక తనకే సిగ్గేసినట్టు తల దించుకున్నాడు. "అన్నయ్యా, లోపలికి పదండి. కూర్చుని మాట్లాడుకుందాం. ఆడవాళ్ళ ముందు ఎందుకు."

"ఇక్కడే చెప్పు."

మిరాన్ చేతిలోని క్యాబేజీ బేసిన్‌లోకి జారిపోయింది. సాంగ్యూ భార్యవైపు చూశాడు. యోనోక్ చేయి మాత్రం ఆగలేదు. ఆకు ఎత్తి, కారం పట్టించి, కింది ఆకు ఎత్తి, కారం పట్టించి. ఆశ్చర్యపోయిన మనిషి చేయి ఆగుతుంది. ఆ చేయి ఆగకపోవడం చూసి ఆయన మెట్టు మీద కూర్చున్నాడు.

"నీకూ తెలుసా?"

"తెలుసు" అంది యోనోక్.

"ఎప్పటినుంచి?"

"అమ్మాయి రెండో తరగతిలో ఉన్నప్పుడు. ఇలాగే కిమ్చి పెడుతుంటే మిరాన్ నోరు జారింది."

"అక్కా, నేను కావాలని అనలేదు" అంది మిరాన్, ఇరవై తొమ్మిదేళ్ళ నాటి తప్పుకి ఇప్పుడు సంజాయిషీ ఇస్తున్నట్టు. "అక్కకి తెలిసే ఉంటుందనుకున్నాను."

సాంగ్యూ మనసులో ఏళ్ళు లెక్కేసుకున్నాడు. "అయితే నా మణికట్టు కోసినప్పుడు నీకు తెలుసు."

"తెలుసు."

"ఆస్పత్రిలో పక్కనే కూర్చున్నావు. బత్తాయిలు ఒలిచి పెట్టావు."

"ఏం చెప్పమంటారు?" యోనోక్ అప్పుడు చేయి ఆపింది. "మీరు వాయించలేదని చెప్తే మర్నాడు పొద్దున మీరు లేచి ఏం చేసేవారు? నాకు ఊహకి అందలేదు. వచ్చే ఏడు చెప్దామనుకునేదాన్ని. మీరు మరో ఏడాది అరగదీసుకునేవారు. ఎంత అరగదీసుకుంటే చెప్పడం అంత కష్టమైపోయింది. చివరికి చెప్పే దారే మూసుకుపోయింది."

"పడుకోమని చెప్పాల్సింది" అన్నాడు సాంగ్యూ. "చాలు, వచ్చి పడుకోండి అని. ఎందుకని అడిగేవాణ్ణి కాదు."

ఆమె తొడుగు మీది కారం బేసిన్ అంచుకి తుడిచింది.

జోంగ్‌తే తొడుగులు తీసి టార్పాలిన్ మీద మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అరవై మూడేళ్ళ మనిషి, ఒక మోకాలు సరిగా వంగక, పక్కకి ఒరిగాడు. "తప్పు మాదే అన్నయ్యా. రికార్డు చేయించే డైరెక్టరు మున్ ఉండేవాడు కదా, సోమవారం మీరు వెళ్ళిపోయాక, ఇది విడుదలకి పనికిరాదు, డ్రమ్స్ మార్చాలి, మీ అన్నకి మీరే చెప్పండి అన్నాడు. ఎలా చెప్తాం? మాకు అన్నం పెట్టిన మనిషికి, మీరు పనికిరారని ఏ నోటితో చెప్తాం? రాత్రంతా ముగ్గురం మేడ మీద కూర్చుని నువ్వు చెప్పంటే నువ్వు చెప్పు అని కొట్టుకున్నాం. తెల్లారేసరికి గున్సాన్ నుంచి ఫోన్ వచ్చింది."

"మా నాన్న పోయాడని."

"అవును."

"అప్పుడు మీకేమనిపించింది?"

ముల్లంగి దగ్గర్నుంచి హ్యోక్ జవాబిచ్చాడు. పొద్దున్నుంచీ అతను మాట్లాడిన మొదటి మాట అది. "ఊపిరి పీల్చుకున్నాం."

"ఒరేయ్" అన్నాడు జోంగ్‌తే.

"అడిగారు కదా. చెప్పకుండా పని కానిచ్చే దారి దొరికిందని ఊపిరి పీల్చుకున్నాం. తరవాత బస్సులో గున్సాన్ దాకా ఎవరం ఎవరి మొహమూ చూసుకోలేదు. దోక్‌హ్వాన్ పోయేముందు మీకు చెప్పేస్తానన్నాడు. ఇతనూ నేనూ ఆపాం."

వాన, పాడె, వట్టికాలు. సాంగ్యూకి వాటిలో ఏదీ అబద్ధమనిపించలేదు. అదే ఇంకా బాధగా ఉంది. నిజంగానే మోశారు. అంతకుముందు రోజు చేసినదాని బరువు కూడా కలిపి మోశారు, అది తండ్రి మీది ప్రేమనుకున్నాడు తను.

"మిగతా పాటల సంగతి?" అని అడిగాడు.

"అవన్నీ మీవే అన్నయ్యా" అన్నాడు జోంగ్‌తే ఆత్రంగా. "ప్రమాణం చేసి చెప్తున్నా. తొమ్మిదీ మీవే."

"ఆ తొమ్మిదీ ఎవడికి గుర్తున్నాయిరా?"

లోపల పొయ్యి మీద మాంసం పొంగిన వాసన వచ్చింది. మిరాన్ లేవబోయి మళ్ళీ కూర్చుంది.

"ఒక్కటి చెప్పండి చాలు" అన్నాడు సాంగ్యూ. "నాది తుడిచేశారు. ఇంక నేను వినలేను. విన్నవాళ్ళు నలుగురు. మున్ పోయాడు, దోక్‌హ్వాన్ పోయాడు. మిగిలింది మీరిద్దరు. ఆ సోమవారం నేనెలా వాయించాను?"

"బాగానే వాయించారు అన్నయ్యా" అన్నాడు జోంగ్‌తే. "మున్‌కి చాదస్తం. వేరే ఎవరైనా అయితే..."

"బాగానే వాయిస్తే రాత్రంతా మేడ మీద ఎందుకు కూర్చున్నారు?"

"అంటే, కొంచెం... ఆ రోజు మీకు జలుబు కూడా చేసి ఉంది."

"జోంగ్‌తే. నన్ను అన్నయ్య అనకు. సాంగ్యూ అని పేరు పెట్టి పిలిచి చెప్పు. తోటివాడికి చెప్పినట్టు చెప్పు."

జోంగ్‌తే ఆయన మొహంలోకి చూశాడు. పెదవులు కదిలాయి. యాభై ఏళ్ళుగా ఆ పేరు ఆయన ఎదుట ఒక్కసారైనా నోట రాలేదు. ఇప్పుడూ రాలేదు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, తల ఇంకా కిందికి వంచి, "చావమనండి, చస్తాను. అది మాత్రం నావల్ల కాదు అన్నయ్యా" అన్నాడు.

హ్యోక్ పీట మీంచి లేచాడు. ముల్లంగి తురుము పళ్ళెం తెచ్చి బేసిన్ పక్కన పెట్టాడు. చేతులు ప్యాంటుకి తుడుచుకుని మెట్ల ముందుకొచ్చి నిలబడ్డాడు. వయసులో అందరికంటే చిన్నవాడు, జుట్టు అందరికంటే తెల్లగా ఉంది.

"సాంగ్యూ" అన్నాడు.

యోనోక్ తలెత్తి చూసింది.

"నువ్వు తప్పేమీ కొట్టలేదు. అన్నీ సరైన చోటే పడ్డాయి. కానీ నువ్వు వాయిస్తుంటే పాట నడవలేదు. మేం ముగ్గురం బండిని లాగినట్టు లాగాం. ఓమ్ మాస్టారు కూర్చున్నాక, నేను గిటారు మీద చేయి వేసేలోపే పాట నన్ను లాక్కుపోయింది. అదీ తేడా. ఆ ఒక్క రోజనే కాదు. నువ్వు ఎప్పుడూ అలాగే వాయించావు. వేదిక మీద ఏడేళ్ళు నిన్ను లాగుతూనే వాయించాం. నీ అంత కష్టపడినవాణ్ణి నేను చూడలేదు. అది కష్టపడితే వచ్చేది కాదు."

అతని గొంతులో కోపం లేదు, వణుకు లేదు. ఇన్నాళ్ళూ ఎక్కడో మడిచి పెట్టుకున్న మాటలు మడత పోకుండా బయటికి తీసినట్టు చెప్పాడు.

సాంగ్యూ తలాడించాడు. దెబ్బ తగిలిందని తెలుస్తోంది, నొప్పి ఇంకా రాలేదు. "ఇంతేనా?"

"ఇంతే."

"నాకు ఇరవై తొమ్మిదేళ్ళప్పుడు ఈ మాట చెప్పి ఉంటే నిన్ను కొట్టేవాణ్ణి."

"కొట్టేవాడివి. మర్నాడు నూడుల్స్ వండేవాడివి. నాకు అప్పుడు అది తెలియలేదు."

హ్యోక్ యోనోక్ వైపు తిరిగి నడుం వంచాడు. "వెళ్ళొస్తాను వదినా. ఇంత మాట అన్నాక ఈ ఇంట్లో కూర్చుని అన్నం తినలేను" అన్నాడు. డబ్బాలు తీసుకోలేదు. గేటు వేసిన చప్పుడు, తరవాత పాత కారు రెండుసార్లు మొరాయించి కదిలిన చప్పుడు వినిపించాయి.

సాంగ్యూ జేబులోంచి కాగితం తీసి విప్పాడు. "డ్రమ్స్: తాక్ సాంగ్యూ" అని అచ్చులో ఉంది. ఫోను తీసి మ్యోంగ్‌సన్‌కి చేశాడు. జోంగ్‌తే మోకాళ్ళ మీదే ముందుకి జరిగాడు.

"అన్నయ్యా, పన్నెండు రోజుల్లో విడుదల. జనం నవ్వుతారు. మీ బడి ఏమవుతుంది? ఆ పిల్లలకి ఏం చెప్తారు?"

"వాళ్ళు నేర్చుకుంటున్నది ఓమ్ మాస్టారిదని చెప్తాను. అది మంచి వాయింపే. వాళ్ళకేం నష్టం లేదు." ఫోనులో అవతల గొంతు పలికింది. "నేనమ్మా, సాంగ్యూని. మూడో రేవుకి ఓమ్ బ్యోంగ్‌చల్ అని రాయి. మిగతా తొమ్మిదింటికీ నా పేరు ఉండనీ. అవును, ఆలోచించే చెప్తున్నాను. ఆయన ఇంట్లోవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో కనుక్కో. సోమవారం నేనే వచ్చి సంతకం పెడతాను."

జోంగ్‌తే దంపతులు ఎక్కువసేపు ఉండలేదు. మిరాన్ ఏడుస్తూ యోనోక్ చేయి పట్టుకోబోతే, చేతి నిండా కారం ఉందని యోనోక్ వెనక్కి తీసుకుంది. గేటు దగ్గర జోంగ్‌తే వెనక్కి తిరిగి ఏదో అనబోయాడు. సాంగ్యూ ఆ వైపు చూడలేదు.

వాకిట్లో ఇంకా అరవై క్యాబేజీలు మిగిలి ఉన్నాయి. నీరు వార్చిన క్యాబేజీ రేపటిదాకా ఆగదు. యోనోక్ మళ్ళీ కూర్చుని ఒకటి చేతిలోకి తీసుకుంది. కొంతసేపటికి సాంగ్యూ కోటు విప్పి, తొడుగులు వెతుక్కుని, బేసిన్‌కి అవతల కూర్చున్నాడు. పెళ్ళయిన నలభై ఏళ్ళలో ఆ పని ఆయన చేయలేదు. బయటి ఆకులకే కారమంతా పూసి లోపల తెల్లగా వదిలేస్తుంటే, "మొదలు దగ్గర పట్టాలి" అంది ఆమె. ఆయన అలాగే చేశాడు. మూడోది చేస్తుండగా అడిగాడు.

"ఇంకేమైనా ఉందా?"

"ఏమిటి?"

"నాకు తప్ప అందరికీ తెలిసింది."

యోనోక్ చేతిలో ఉన్న క్యాబేజీ చివరి ఆకుదాకా పూర్తిచేసింది. బయటి ఆకుతో దాన్ని చుట్టి, డబ్బాలో పెట్టి, అరచేతితో అదిమింది.

"లేదు" అంది.

ఆయన ఇంకొకటి తీసుకున్నాడు. ఆమెని నమ్మాలనే అనుకున్నాడు. కానీ తను అడగడానికీ ఆమె చెప్పడానికీ మధ్య ఎంతసేపు గడిచిందో అప్పటికే లెక్కపెట్టేశాడు.